కాలజ్ఞానం (వీరబ్రహ్మేంద్రస్వామి)

కాలజ్ఞానం అనునది 17వ శతాబ్దంలో రాయలసీమలో జీవించిన యోగి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పినట్లుగా ప్రసిద్ధి పొందిన భవిష్యద్వాక్యాల సముదాయం. కలియుగాంతంలో రాబోయే కరువులు, వ్యాధులు, వరదలు, యుద్ధాలు, ధర్మహాని, తాను వీరభోగ వసంతరాయలుగా తిరిగి అవతరించుట ఇందలి ముఖ్యవిషయాలు. తెలుగువారిలో ఏ విపత్తు సంభవించినా "బ్రహ్మంగారు ఏనాడో చెప్పాడు" అనే మాట వినిపిస్తుంది. అయితే కాలజ్ఞానంలో జోస్యం సగం మాత్రమే. మిగిలిన సగం పిలుపు. ఆపద వచ్చిన తరువాత కాక, రాకమునుపే గురువును, దైవాన్ని ఆశ్రయించవలెనని ఆ పిలుపు సారాంశం. జనసామాన్యంలో మొదటి సగం బాగా నిలిచింది, రెండవది వెనుకబడింది.

పేరు, ప్రక్రియ

కాలజ్ఞానం అనగా కాలమును గురించిన తెలివి, ముఖ్యముగా రాబోవు కాలమును గురించిన తెలివి. ఈ పేరు ఒక్క వీరబ్రహ్మేంద్రస్వామి గ్రంథానికే చెందినది కాదు. విద్యారణ్యస్వామి పేరిట విజయనగర రాజ్య భవిష్యత్తును చెప్పే కాలజ్ఞానాలు ఉన్నాయి. కన్నడ దేశంలో వీరశైవ శరణుల పేరిట కూడా ఇటువంటి రచనలు కలవు. రాజ్యాలు కూలిపోయిన తరువాత, లేక కూలిపోతున్న కాలంలో, జరిగినదానికి అర్థం వెదకుతూ జరగబోయేదానికి ధైర్యం చెప్పే రచనలుగా వీటిని పరిగణించవచ్చును. తెలుగునాట మాత్రం విశేషణమేదీ లేకుండా "కాలజ్ఞానం" అంటే బ్రహ్మంగారి కాలజ్ఞానమే.

ఇది ఒకే రూపంలో ఉన్న గ్రంథం కాదు. కొంత వచనం, కొంత పద్యం, మరికొంత ఏకతారపై పాడుకునే తత్వాలు. శిష్యులు విన్నది విన్నట్లు తాటాకులపై వ్రాసుకున్నదని కొంత భాగాన్ని, స్వామి స్వయంగా వ్రాసినదని కొంత భాగాన్ని చెబుతారు. అచ్చుపుస్తకాలు వచ్చిన తరువాత ఒక ప్రతికి మరొక ప్రతికి పోలిక తగ్గింది. వాక్యాల వరుస మారింది, కొత్తవి చేరాయి.

నాటి పరిస్థితులు

సంప్రదాయం ప్రకారం వీరబ్రహ్మేంద్రస్వామి జీవితకాలం 1608 - 1693. ఈ సంవత్సరాలను అందరు పరిశోధకులూ అంగీకరించకపోయినా 17వ శతాబ్దం అన్నంతవరకు సాధారణంగా ఒప్పుకుంటారు. ఆ శతాబ్దంలో రాయలసీమ అనుభవించినదాన్ని గమనిస్తే కాలజ్ఞానం ఎటువంటి నేలలో మొలిచిందో తెలుస్తుంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. తరువాతి రాయలు పెనుకొండ, చంద్రగిరి, వేలూరులకు వెనుదిరుగుతూ పోయారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. 1687లో ఆ గోల్కొండ కూడా ఔరంగజేబు వశమయింది. ఒక మనిషి ఆయుష్షులోనే మూడు ప్రభుత్వాలు మారాయి. పన్ను తీసుకునేవాడు మారినా పన్ను మారలేదు. వర్షం మీద ఆధారపడిన మెట్ట సేద్యం, నడుమ నడుమ కరువులు సరేసరి.

ఇటువంటి కాలంలో రాబోయే రాజు పేరు "వసంతరాయలు" కావటం గమనించదగినది. పోయిన రాయల పాలన వంటి ధర్మపాలన మరల వచ్చునన్న ఆశ ఆ పేరులోనే ఉన్నది.

రచనను గురించిన కథలు

స్వామి చరిత్ర ఎక్కువగా భక్తుల కథనాల ద్వారానే తెలుస్తున్నది. ఆయన పాపాఘ్ని మఠాధిపతి వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతుల వద్ద పెరిగాడు. పెంపుడు తండ్రి మరణించిన తరువాత, చిన్నవయసులోనే, తల్లి అనుమతితో దేశాటనకు బయలుదేరాడు. తిరిగి తిరిగి బనగానపల్లె (నేటి నంద్యాల జిల్లా) చేరి ఒక ఇంటి అరుగుపై నిద్రించాడు. ఆ ఇంటి యజమానురాలు గరిమిరెడ్డి అచ్చమ్మ ఆయనను పశువుల కాపరిగా పెట్టుకున్నది. ఆయన రోజూ ఆవులను సమీపంలోని రవ్వలకొండకు తోలుకుపోయి, మంద చుట్టూ గీత గీసి, గుహలో కూర్చుని తాటాకులపై వ్రాసేవాడు. ఆవులు గీత దాటేవి కావు. ఒకనాడు అచ్చమ్మ చాటునుండి ఇది చూచి, తన కాపరి సామాన్యుడు కాడని గ్రహించి, పాదాలపై పడి ఉపదేశం కోరింది. యాగంటి వద్ద ఆమెకు ఉపదేశం చేశాడని, ఆ సందర్భంలోనే కాలజ్ఞానంలో కొంత భాగం చెప్పాడని కథనం. ఆయన వ్రాసిన తాటాకులను అచ్చమ్మ ఇంటి ఆవరణలో పాతిపెట్టి, దానిపై చింతమొక్క నాటారని కూడా చెబుతారు. ఆ చింతచెట్టు, రవ్వలకొండ గుహలు నేటికీ యాత్రికులు దర్శించే స్థలాలు.

ఈ కథలో ఒక విషయం ముఖ్యం. కాలజ్ఞానం మొదట విన్నది రాజులు కాదు, పండితులు కాదు. ఆవులు గల ఒక రైతు గృహిణి. ఆ తరువాత వినినవారిలో బనగానపల్లెకు చెందిన అన్నాజయ్య, దూదేకుల కులంలో పుట్టిన ముస్లిము సిద్ధయ్య, మాదిగ కులస్థుడైన కక్కయ్య ముఖ్యులు. నవాబులకు కూడా చెప్పినట్లు కథలున్నవి. వాటిలో నవాబులు ముందు స్వామిని పరీక్షిస్తారు, ఆయన నీటితో దీపం వెలిగించడం వంటి మహిమ చూపుతాడు, ఆ తరువాతనే వారు చెవి యొగ్గుతారు. అచ్చమ్మకు ఆ మహిమ అవసరం లేకపోయిందని కాదు, ఆమె చూచినది కూడా మహిమనే. కాని ఆమె అడిగినది రాజ్యం ఏమవుతుందని కాదు, తాను తరించే మార్గమేమిటని. కాలజ్ఞానంలోని రెండు సగాలూ ఈ రెండు రకాల శ్రోతల ప్రశ్నలకు సమాధానాలని చెప్పుకోవచ్చు.

తరువాత స్వామి కందిమల్లయపల్లె చేరి వడ్రంగం, కమ్మరం చేసుకుంటూ గృహస్థుగా జీవించాడు. భార్య గోవిందమ్మ. ఆ గ్రామమే నేటి కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠం.

చెప్పబడిన ఆపదలు

ప్రచారంలో ఉన్న ప్రతులలో చెప్పబడిన విషయాలు అనేకం. కాశీలో గంగ కనిపించకుండా పోవుట, బెజవాడ వద్ద కృష్ణవేణి పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకుట, యాగంటి బసవన్న పెరిగి లేచి రంకె వేయుట, కంచి కామాక్షి కంట నీరు కారుట వంటివి దేవస్థానాలకు సంబంధించినవి. ఎద్దులు లేని బండ్లు నడచుట, నీటితో దీపాలు వెలుగుట, తెరపై బొమ్మలు ఆడుట వంటివి వస్తువులకు సంబంధించినవి. వీటిని పాఠకులు మోటారు వాహనాలు, జలవిద్యుత్తు, సినిమాలుగా అన్వయించారు. ఒక విధవరాలు 16 సంవత్సరాలు దేశాన్ని ఏలుతుందన్న మాటను 1966 - 77, 1980 - 84 మధ్య మొత్తం సుమారు 16 సంవత్సరాలు ప్రధానమంత్రిగా ఉన్న ఇందిరా గాంధీకి వర్తింపజేశారు. ఇవి కాక పేరు తెలియని వ్యాధులతో జనం కూలిపోవుట, వానలు తప్పుట, కొడుకులు తల్లిదండ్రులను లెక్కచేయకపోవుట, దొంగ గురువులు పెరుగుట మొదలైనవి.

ఇందులో ఏది స్వామి నోట వెలువడినది, ఏది తరువాత చేర్చబడినది అని నిర్ణయించడం సులభం కాదు. ఒక సంఘటనను పేరుతో సహా స్పష్టంగా చెప్పే వాక్యం ఆ సంఘటన జరిగిన తరువాతి అచ్చుప్రతిలోనే కనిపిస్తే, దానిని జోస్యంగా లెక్కించడానికి వీలులేదు. మరొక వైపు, అన్నీ తరువాత కల్పించినవే అనడం కూడా తొందరపాటు. దేవాలయాల దుస్థితి, వర్షాభావం, వ్యాధులు, సంకరమైన రాజ్యపాలన వంటివి 17వ శతాబ్దపు మనిషి కళ్లెదుట జరిగినవే. విష్ణుపురాణంలోను, భాగవతం ద్వాదశ స్కంధంలోను ఉన్న కలిధర్మాల వర్ణనతో ఇవి చాలావరకు కలుస్తాయి. ద్వాదశ స్కంధం తెలుగులో వెలిగందల నారయ చేతిమీదుగా అప్పటికే ప్రజలకు అందింది. కాలజ్ఞానం చేసిన కొత్త పని ఆ పురాణ వర్ణనకు తెలుగు ఊళ్ల పేర్లు తగిలించుట. కలియుగంలో నదులు గతి తప్పుతాయని వినడం వేరు, బెజవాడలో కృష్ణ కొండెక్కుతుందని వినడం వేరు.

పిలుపు

కాలజ్ఞాన తత్వాలలో అన్నిటికంటె ఎక్కువగా పాడబడే ఒకదానిలో, పల్లవిలోనే హెచ్చరిక ఉన్నది. మాకు ముందు ఎవరూ చెప్పలేదని తరువాత అనవద్దని, గురువును చేరి మ్రొక్కినవారు బ్రతకనేరుస్తారని దాని భావం. ఆ తరువాతి చరణాలలో వరుసగా ఆపదలు వస్తాయి. ప్రతి ఆపద తరువాత పల్లవి మరల పాడతారు. అంటే వినేవానికి ప్రతి కరువు వెనుక, ప్రతి వ్యాధి వెనుక అదే పిలుపు చెవిన పడుతుంది. చరణాలను విడదీసి చదివితే అది జోస్యాల పట్టిక అవుతుంది. పాడితే మాత్రం అది ఆహ్వానమే.

ఈ పిలుపులో తొందర ఉన్నది. దానికి కారణం స్పష్టం. కాలజ్ఞానం ప్రకారం వీరభోగ వసంతరాయలు వచ్చేటప్పటికి మంచివారు, చెడ్డవారు వేరుపడి ఉంటారు. ఆయన వచ్చిన తరువాత మారడానికి వ్యవధి ఉండదు. కనుక ఇప్పుడే ధర్మం పట్టుకోవాలి, గురుమంత్రం జపించాలి. స్వామి పేరు గల ద్వాదశాక్షరి మంత్రాన్ని నేటికీ భక్తులు ఆపదల కాలంలో రక్షగా జపిస్తారు.

ఆశ్రయించమని చెప్పిన దైవం ఒక కులానికి, ఒక గుడికి పరిమితమైనది కాదు. స్వామి విశ్వబ్రాహ్మణ సంప్రదాయంలో పెరిగినవాడు, కాళికాంబ ఉపాసకుడు. కాని ఆయనకు ప్రధానశిష్యుడు సిద్ధయ్య. కొడుకు మతం మారాడని సిద్ధయ్య తల్లిదండ్రులు అధికారులకు మొరపెట్టుకున్నారని, విచారణలో సిద్ధయ్య తన గురువు మహిమను నిరూపించాడని కథ. ఆయన పేర ఉన్న పద్యాలు, తత్వాలు కులాభిమానాన్ని, ఆడంబర పూజలను నిందిస్తాయి. ఆపద అందరికీ సమానంగా వచ్చేటప్పుడు శరణు మాత్రం కొందరికే ఎందుకుండాలన్న తర్కం వాటిలో కనిపిస్తుంది.

సమాధి కథలో ఈ పిలుపు మరొక రూపంలో వస్తుంది. 1693 వైశాఖ శుద్ధ దశమినాడు స్వామి సజీవసమాధి పొందదలచి, సిద్ధయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపాడు. సిద్ధయ్య పూలతో తిరిగివచ్చేసరికి సమాధి మూయబడి ఉన్నది. తనకు కడసారి దర్శనం దక్కలేదని ఆయన తల బాదుకుని ఏడ్చాడు. అప్పుడు స్వామి కరుణించి దర్శనమిచ్చి తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చాడు. భక్తులు దీనిని గురుశిష్యుల ప్రేమకు నిదర్శనంగా చెబుతారు. అది నిజమే. అయినా ఈ కథ ఒక చిత్రమైన ప్రశ్నను వదలిపెడుతుంది. కాలం దాటకముందే రమ్మని లోకానికి చెప్పిన గురువు, తన సొంత శిష్యుణ్ణి కాలం దాటిన తరువాత వచ్చేటట్లు చేశాడు. ఆలస్యంగా వచ్చినవానికి కూడా తలుపు తెరిచాడు. కాలజ్ఞాన వచనాలలోని కఠినమైన గడువుకు ఈ కథ ఒక సడలింపు వంటిది.

సంవత్సరాల లెక్క

కాలజ్ఞానం అనేక విషయాలను ప్రభవాది 60 సంవత్సరాల పేర్లతో చెబుతుంది. ఈ పేర్లు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. క్రోధి అంటే 1964 - 65 కావచ్చు, 2024 - 25 కావచ్చు, 1904 - 05 కావచ్చు. కాబట్టి ఒక తరంలో జరగని విషయం తరువాతి తరానికి బదిలీ అవుతుంది. సంవత్సరం పేరు చెప్పిన జోస్యం ఎన్నడూ పూర్తిగా తప్పిపోదు.

ఇది మోసం కోసం చేసిన ఏర్పాటని అనుకోనవసరం లేదు. పూర్వం తెలుగువారు తమ ఆపదలను గుర్తుంచుకున్నదే ఈ పేర్లతో. 1832 - 33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన డొక్కల కరువుకు నందన కరువని పేరు. 1876లో మొదలై రాయలసీమను, దక్షిణ భారతాన్ని కుదిపిన కరువుకు ధాత కరువని పేరు. ధాత సంవత్సరం 1936లో వచ్చింది, మరల 1996లో వచ్చింది. ఆ 1996 ధాతలోనే, నవంబరు 6న, తుఫాను కోనసీమను తాకి వెయ్యిమందికి పైగా ప్రజలను బలిగొన్నది, కొబ్బరితోటలు నేలకూలాయి. ధాత అనే పేరుకు భయపడే అలవాటున్న మనస్సుకు ఇది రుజువుగానే తోస్తుంది. కాని 1936 - 37ను ఎవరూ అలా తలచుకోరు. కలిసినది గుర్తుంటుంది, కలవనిది మరుపున పడుతుంది.

కలిసంవత్సరాలతో చెప్పిన లెక్క ఇంత సులభంగా జారదు. కలియుగంలో 5000 సంవత్సరాలు గడిచేసరికి గంగ మాయమగుట మొదలైనవి జరుగునని ప్రచారంలో ఉన్న ప్రతులు చెబుతాయి. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైనదన్న పంచాంగ గణనం ప్రకారం ఆ 5000 సంవత్సరాలు 1899 నాటికే నిండాయి. గంగ ప్రవహిస్తూనే ఉన్నది. భక్తులు దీనికి వేరు వేరు సమాధానాలు చెబుతారు. 5000 అన్నది ఆరంభమే గాని ముగింపు కాదని కొందరు, లెక్క వేరని కొందరు. జోస్యాన్ని గడియారంగా చదివినంతకాలం ఈ చిక్కు తప్పదు.

ఇతర సంప్రదాయాలతో పోలిక

ఆపద రాకమునుపు దైవాన్ని వెదకమని చెప్పిన ప్రవక్తలు ఇతర మతాలలోను ఉన్నారు. తెలుగు క్రైస్తవులకు ఇది పరిచితమైన విషయం. 19వ శతాబ్దంలో నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను, ఆ శతాబ్దం చివరి పాతికేళ్లలో కాకినాడ, తుని, సామర్లకోట ప్రాంతాలలో కెనడియన్ బాప్టిస్టు మిషను పనిచేసిన ఫలితంగా, గోదావరి మండలంలోని అనేక గ్రామాలలో బైబిలు ప్రవక్తల గ్రంథాలు తెలుగులో చదవబడుతున్నవి. వాటిలో జెఫన్యా గ్రంథం మూడే అధ్యాయాలు. యూదా రాజు యోషీయా కాలంలో (క్రీ.పూ. 640 - 609) ఈ ప్రవక్త యెరూషలేముకు రాబోయే ఉగ్రతదినాన్ని ప్రకటించాడు. రెండవ అధ్యాయంలో, ఆ దినం రాకముందే కూడి రండని, దేశంలోని దీనులు దేవుని, నీతిని, వినయాన్ని వెదకాలని పిలిచాడు. అలా చేస్తే "ఒకవేళ" ఆ దినాన వారికి దాగుచోటు దొరకవచ్చని అన్నాడు. జెఫన్యా అన్న పేరుకే దేవుడు దాచెనని అర్థం. తన పేరులోనే అభయమున్న ప్రవక్త కూడా "ఒకవేళ" అన్న మాట వదలలేదు. యెరూషలేము క్రీ.పూ. 586లో బబులోను సైన్యం చేతిలో నాశనమయింది.

యోనా కథ దీనికి భిన్నం. 40 దినాలలో నీనెవె పట్టణం నాశనమగునని ఆయన చాటగా, రాజు మొదలు పశువుల వరకు గోనెపట్ట కట్టుకుని ఉపవసించారు. నగరం నిలిచింది. జోస్యం తప్పినందుకు యోనా అలిగాడు. ఆ కథ దృష్టిలో మాత్రం జోస్యం తప్పడమే దాని విజయం.

కాలజ్ఞానంలో ఇటువంటి నీనెవె లేదు. ఇది ఒక ముఖ్యమైన భేదం. హెబ్రీ ప్రవక్తల దృష్టిలో ఆపద ప్రజల పాపానికి దేవుడు విధించే తీర్పు, కాబట్టి ప్రజలు మారితే తీర్పు మారవచ్చు. కాలజ్ఞానంలో ఆపద యుగధర్మం. వేసవి తరువాత వాన వలె అది వచ్చి తీరుతుంది. ఎవరి భక్తి వలన కూడా కలి ఆగదు. భక్తి వలన మారేది ఆ ఆపదలో మనిషి ఉండే స్థితి. నగరాన్ని కాపాడే ఆశ లేనందువల్ల పిలుపు నగరాలకు గాక ఒక్కొక్క మనిషికి చేయబడింది.

దీనికి ఆధారం పురాణాలలోనే ఉన్నది. విష్ణుపురాణం ఆరవ అంశంలో వ్యాసుడు గంగలో మునిగి లేస్తూ కలి మంచిదని అంటాడు. విన్న మునులు ఆశ్చర్యపడగా కారణం చెబుతాడు. కృతయుగంలో పది సంవత్సరాల తపస్సుకు దక్కే ఫలం త్రేతలో ఒక సంవత్సరానికి, ద్వాపరంలో ఒక నెలకు, కలిలో ఒక్క పగలు రాత్రికే దక్కుతుందని. భాగవతం కూడా కలికి దోషాలెన్ని ఉన్నా నామసంకీర్తనతోనే ముక్తి కలగడం దాని గొప్ప గుణమంటుంది. కాలం చెడ్డది కావటమే దైవం సులభం కావటానికి కారణమన్న ఈ భావన లేకుండా కాలజ్ఞానంలోని భయానికీ, దాని వెనుక ఉన్న నిబ్బరానికీ పొంతన కుదరదు.

ప్రచారం

తత్వాలు పాడే బైరాగులు, భజన బృందాలు, బుర్రకథకులు కాలజ్ఞానాన్ని రాయలసీమ దాటించి తీరాంధ్రకు, తెలంగాణకు, కర్ణాటకకు చేర్చారు. స్వామి మనుమరాలు ఈశ్వరమ్మ కూడా ఈ సంప్రదాయంలో పూజింపబడుతున్నది, ఆమె సమాధి కూడా బ్రహ్మంగారిమఠంలోనే ఉన్నది. ఏటా వైశాఖ శుద్ధ దశమికి మఠంలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి.

1984 నవంబరు 29న నందమూరి తారక రామారావు స్వీయ దర్శకత్వంలో నటించిన "శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర" విడుదలైంది. సిద్ధయ్య పాత్రను బాలకృష్ణ ధరించాడు. అప్పటికి రామారావు ముఖ్యమంత్రి కూడా. తెరమీది బొమ్మ రాజ్యమేలుతుందన్న జోస్యం ఈయన గురించేనని ఆనాడు చాలామంది నమ్మారు. చదువురాని వారికి, తత్వాలు వినే అలవాటు తప్పిన పట్టణవాసులకు కాలజ్ఞానాన్ని పరిచయం చేసినది ఎక్కువగా ఈ చిత్రమే.

ఇటీవలి విపత్తులు

2009 అక్టోబరులో కృష్ణానదికి వరద వచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు 2న అంతకంటె ఎక్కువగా, 11.4 లక్షల క్యూసెక్కుల వరకు వచ్చింది. రెండు సందర్భాలలోను ముక్కుపుడక మాట ఊరూరా వినిపించింది. అమ్మవారి ఆలయం ఇంద్రకీలాద్రిపై ఉన్నది. నీరు అంత ఎత్తుకు రావాలంటే విజయవాడ అప్పటికే మిగలదు. కనుక ఈ జోస్యాన్ని నీటిమట్టంగా కాక, ఊహించలేనంతటి ఆపదకు గుర్తుగా చదివేవారు కూడా ఉన్నారు. 2024లో ముంపుకు గురైన విజయవాడ పేటలలో అనేకం నది పొంగి గాక, బుడమేరు కట్టలు తెగి మునిగాయి. బుడమేరును గురించి కాలజ్ఞానంలో ఎవరూ వెదకలేదు.

2020లో కరోనా వ్యాపించినప్పుడు "కోరంకి" అనే జబ్బు ఈశాన్యాన పుట్టునని చెప్పే పద్యం ఒకటి ఫోనులలో విపరీతంగా ప్రచారమైంది. పేరులోని ధ్వనిసామ్యమే దానికి బలం. గోదావరి మండలం వారికి ఆ ధ్వని మరొకదాన్ని కూడా గుర్తుచేయగలదు. కాకినాడకు దక్షిణాన, తాళ్లరేవు దగ్గర ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి తుఫాను ఉప్పెనలు దానిని ముంచివేశాయి. రెండవ దెబ్బ తరువాత ఆ రేవు పూర్వపు స్థితికి చేరుకోలేదు. ఒకే శబ్దం ఒకచోట వ్యాధిగా, మరొకచోట ఉప్పెనగా వినిపించడానికి అడ్డేమీ లేదు.

ఆ పద్యం ఫోనులలో ఒంటరిగానే తిరిగింది. దాని ముందువెనుకల ఉన్న వాక్యాలు గాని, గురువును ఆశ్రయించమనే మాట గాని దానితో రాలేదు. అదే కాలంలో బ్రహ్మంగారి భక్తులు మాత్రం ఇళ్లలో ద్వాదశాక్షరి జపించుకున్నారు.